డాన్ డేర్ బొమ్మల కథ – అభిమానుల రసాస్వాదన: ఒక పరిశీలన

‘కావ్యమీమాంస’లో రాజశేఖరుడు ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. మొదటిది కవికి ఉపకరించేది. రెండవది భావకునికి, అనగా కవి పడిన శ్రమను, అతని అభిప్రాయాన్ని గ్రహించగల పాఠకునికి ఉపకరించేది. భావయిత్రి లేకపోతే కవి వ్యాపారమనే చెట్టు గొడ్డుపోతుందని అతని ఆశయం. ఆ భావకులను తిరిగి నాలుగు తెగలుగా చెప్పాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నీ భుజించేవాడు సతృణాభ్యవహారి. ఈర్ష్యతో చదివేవాడు మత్సరి. తత్త్వం తేలేవరకు విడువనివాడు తత్త్వాభినివేశి. ఈ విభాగంలో ఆధునిక కాలపు ‘అభిమాని’ స్థానం ఏది అన్న ప్రశ్నకు విమర్శకులు సాధారణంగా తడుముకోకుండా జవాబు చెబుతారు. అభిమాని రెండవ తెగవాడు, తన ఆరాధ్య రచనలో అతనికి గడ్డి కూడా పరమాన్నమే అన్నది స్థిరపడిన అభిప్రాయం.

ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి బ్రిటిష్ వైజ్ఞానిక కల్పనా కామిక్ అయిన ‘డాన్ డేర్’ మంచి నిదర్శనం. పుట్టి ఏడు దశాబ్దాలు దాటిన ఆ బొమ్మల కథ చుట్టూ అల్లుకున్న పఠన సంప్రదాయాన్ని విశ్వవిద్యాలయాలు నిర్మించలేదు. బాల్యంలో దానిని వారం వారం చదివినవారే పెద్దవారై నిర్మించారు. వారి పనిలో భక్తి ఎంత, విమర్శ ఎంత, ఆ రెండింటికీ మధ్య హద్దు ఎక్కడ అన్నది విచారించదగిన విషయం.

ఈగిల్ పత్రిక – నాయకుని అవతరణ

1950 ఏప్రిల్ 14న ఇంగ్లండులో ‘ఈగిల్’ అనే బాలుర వారపత్రిక తొలి సంచిక వెలువడింది. దాని సంపాదకుడు మార్కస్ మారిస్ ఆంగ్లికన్ చర్చి మతబోధకుడు. లాంకషైర్ తీరంలో సౌత్‌పోర్ట్ పట్టణాన్ని ఆనుకుని ఉన్న బర్క్‌డేల్‌లో వికార్‌గా ఉంటూ ‘ది యాన్విల్’ అనే చర్చి పత్రికను నడిపేవాడు. అమెరికానుండి వస్తున్న బీభత్స కామిక్సు పిల్లల మనస్సులను చెరుపుతున్నాయని 1949లో ఒక వార్తాపత్రికలో తీవ్రంగా రాశాడు. నిందించి ఊరుకోక ప్రత్యామ్నాయాన్ని చూపాలనుకోవడం అతని విశేషం. అతనికి తోడైన చిత్రకారుడు ఫ్రాంక్ హాంప్సన్ (1918–1985). యుద్ధంలో సైనికుడిగా పనిచేసి వచ్చి చిత్రకళ అభ్యసించినవాడు.

నాయకుని పాత్ర ఒక్కసారిగా రూపుకట్టలేదు. మొదటి ఊహలో అతడు లండన్ ఈస్ట్ ఎండ్ పేటల్లో పనిచేసే లెక్స్ క్రిస్టియన్ అనే మతబోధకుడు. రెండవ ఊహలో అంతరిక్ష గస్తీ దళానికి మతాచార్యుడైన డాన్ డేర్. అచ్చుకెక్కేనాటికి అతడు కర్నల్ డాన్ డేర్, ‘భవిష్యత్తు విమాన చోదకుడు’. మెడలోని తెల్ల కాలరు పోయి సైనిక దుస్తులు వచ్చాయి. అయినా అబద్ధమాడకపోవడం, ఇచ్చిన మాట తప్పకపోవడం, శత్రువునైనా అవసరం లేనిదే చంపకపోవడం మిగిలాయి. ఈ పరిణామం తెలిసిన పాఠకునికి డాన్ డేర్ శౌర్యంలో ఒక మతబోధకుని నీడ కనిపిస్తూనే ఉంటుంది.

తొలి కథ జరిగే కాలం 1996. భూమిమీద ఆహారం చాలడం లేదు. శుక్రగ్రహంలో ఆహారవనరులు దొరుకుతాయేమోనని పంపిన నౌకలు గమ్యం చేరకముందే పేలిపోతున్నాయి. అంతరిక్ష నౌకాదళం అధిపతి సర్ హ్యూబర్ట్ గెస్ట్, డాన్ డేర్, అతని ఆర్డర్లీ డిగ్బీ, శాస్త్రవేత్త ప్రొఫెసర్ జాస్లిన్ పీబాడీ, అమెరికా చోదకుడు హాంక్, ఫ్రెంచి చోదకుడు పియర్ శుక్రునికి వెళతారు. ఆ గ్రహపు ఉత్తరార్ధంలో ట్రీన్లు, దక్షిణార్ధంలో థెరాన్లు. ట్రీన్లను ఏలేవాడు మెకాన్. చిన్న ఆకుపచ్చని దేహం, ఆ దేహం మోయలేనంత తల, గాలిలో తేలే ఆసనం. అతనికి కోపం రాదు, జాలి కలగదు. ప్రయోగ ఫలితం మాత్రమే కావాలి. 1950లో ఈ కథ చదివిన బ్రిటిష్ బాలుడు రేషన్ కార్డు మీద తింటున్నవాడు. మిఠాయిలపై రేషన్ 1953లో, మాంసంపై 1954 జూలైలో తొలగింది. ఆహారం కోసం మరో గ్రహానికి వెళ్లడమన్నది ఆ పాఠకునికి కేవలం అద్భుత కల్పన కాదు. ఆకలి అనే స్థాయి లేకుండా ఆ కథలోని అద్భుతం నిలబడదు. తరువాతి కాలపు విమర్శలో ఈ అంశానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు.

తొలి సంచిక సుమారు 9 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో ముద్రించిన రంగుల ముఖపత్రం, దాని వెనుక పుటతో కలిపి వారానికి రెండు పెద్ద పుటలు డాన్ డేర్‌వి. 1951 నుండి 1956 వరకు రేడియో లక్సెంబర్గ్‌లో ఈ కథ నాటకంగా ప్రసారమైంది. ప్రాయోజకులు హార్లిక్స్ వారు. అలసిన ప్రాణానికి రాత్రిపూట ఒక కప్పు అని తెలుగు ఇళ్లలోనూ నమ్మకం సంపాదించుకున్న ఆ హార్లిక్సే.

బాల్యస్మృతి అనే రసవిఘ్నం

1969 ఏప్రిల్‌లో ఈగిల్ ఆగిపోయింది. అభిమానుల కృషిలో ప్రధానమైనదంతా ఆ తరువాతిదే. 1979లో డ్రాగన్స్ డ్రీమ్ సంస్థ, 1987 నుండి హాక్ బుక్స్, 2004 నుండి టైటన్ బుక్స్ పాత కథలను గ్రంథరూపంలో పునర్ముద్రించాయి. 1988లో ‘ఈగిల్ టైమ్స్’ అనే త్రైమాసిక పత్రిక మొదలైంది. 2003లో, పాత శైలిలోనే కొత్త డాన్ డేర్ కథలను ప్రచురించే ‘స్పేస్‌షిప్ అవే’ వచ్చింది. వీటి పాఠకులలో అధికులు 1950లలో బాలురు.

ఇక్కడే సైద్ధాంతికమైన చిక్కు ఎదురవుతుంది. రసాస్వాదనకు కలిగే విఘ్నాలను చెబుతూ అభినవగుప్తుడు, భావకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడాన్ని కూడా వాటిలో చేర్చాడు. నాటకం చూస్తూ తన ఇంటి సంగతి తలచుకునేవానికి రసం అందదు. బాల్యస్మృతి సరిగ్గా ఇటువంటి వశత్వం. యాభై ఏళ్ల మనిషి డాన్ డేర్ పుట తెరచినప్పుడు అతడు చూస్తున్నది శుక్రగ్రహాన్నా, తన తండ్రి శుక్రవారం సాయంత్రం చేతికిచ్చిన కాగితపు వాసననా? రెండవదే అయితే అది ఆస్వాదన కాదు, జ్ఞాపకం మాత్రమే. సాధారణీకరణం జరగని చోట రసం లేదు. అభిమాన సాహిత్యంలో ఇటువంటి జ్ఞాపకాల రచనలు కొల్లలుగా ఉన్నాయనడంలో సందేహం లేదు. వాటిని విమర్శగా లెక్కించనవసరం లేదు.

అయితే అదే సంప్రదాయంలో మరొక ధోరణి కూడా ఉంది. అది జ్ఞాపకంతో మొదలై వస్తువు మీదికి మళ్లింది. ‘ఆ బొమ్మ నన్ను ఎందుకు పట్టుకుంది?’ అన్న ప్రశ్న క్రమంగా ‘ఆ బొమ్మ ఎలా తయారైంది?’ అన్న ప్రశ్నగా మారింది. ఈ మార్పే అభిమానిని సతృణాభ్యవహారి తెగనుండి బయటకు తెచ్చింది.

చిత్రశాలలోని శ్రమ

హాంప్సన్ పని విధానం గురించి నేడు తెలిసినదానిలో చాలాభాగం అభిమానులు సేకరించినదే. సౌత్‌పోర్ట్ సమీపాన చర్చ్‌టౌన్‌లో ఒక పాత రొట్టెల బట్టీలో ఆ చిత్రశాల ఆరంభమైంది. తరువాత సర్రే ప్రాంతంలోని ఎప్సమ్‌కు మారింది. హాంప్సన్ మొదట వారం కథను రంగులతో చిత్తుగా గీసేవాడు. ఆ చిత్తు ప్రకారం సహాయకులు ఒక్కొక్క భంగిమలో నిలబడితే ఛాయాచిత్రాలు తీసేవారు. అంతరిక్ష నౌకలకు నమూనాలు చేసి, వాటిమీద దీపం వెలుగు ఏ వైపునుండి పడితే నీడ ఎటు వాలుతుందో చూసేవారు. దుస్తులు కుట్టించేవారు. ఆ తరువాతనే తుది చిత్రం. సర్ హ్యూబర్ట్ ముఖం హాంప్సన్ తండ్రిది. పీబాడీకి నమూనాగా నిలిచినది చిత్రశాలలోని చిత్రకారిణి గ్రెటా టామ్లిన్సన్. బాలపాత్ర ఫ్లేమర్ స్ప్రైకి హాంప్సన్ కుమారుడు. ఆరంభదశలో శాస్త్రవిషయాలకు సలహాదారు ఆర్థర్ సి. క్లార్క్.

ఈ వివరాలు ఆసక్తికరమైన కబుర్లుగా మిగిలిపోయి ఉండవచ్చు. అభిమానులు వాటిని పఠన సాధనాలుగా మార్చారు. ఒకే పుటలో ఏ గడి హాంప్సన్‌ది, ఏది హెరాల్డ్ జాన్స్‌ది, ఏది డాన్ హార్లీది అని వేరుచేశారు. ముఖంలోని గీతల బరువు, ఆకాశానికి వేసిన రంగు పొరలు, చేతివేళ్లను మలచిన తీరు వారికి ఆధారాలు. తాళపత్ర ప్రతులలో లేఖకుని హస్తాన్ని గుర్తించి ప్రక్షిప్తాన్ని వేరుచేసే పాఠపరిష్కర్త పనికి, ఈ పనికి పద్ధతిలో భేదం లేదు. మూల చిత్రఫలకాలు అనేకం చెదిరిపోయాయి. పునర్ముద్రణలకు తరచు పాత పత్రిక ప్రతులే ఆధారమయ్యాయి. అప్పుడు ఏ ముద్రణలో నీలం పలచబడింది, ఏ ముద్రణలో గీత పూడిపోయింది అన్న చర్చలు పుట్టాయి. పాఠాంతర చర్చ ఇది కాక మరేమిటి?

ఈ దృష్టి వల్ల వారికి అందిన ముఖ్యమైన విషయం రంగు. సాధారణంగా వైజ్ఞానిక కల్పనను వస్తువుతో, అంటే యంత్రాలతో, గ్రహాలతో, ప్రయోగాలతో కొలుస్తారు. డాన్ డేర్ యంత్రాలు నేటికి పాతబడ్డాయి. శుక్రునిలో అడవులు లేవని, అది సీసం కరిగేంత వేడి గల గ్రహమని అంతరిక్ష పరిశోధన తేల్చింది. 1996 కూడా గడిచిపోయింది. అయినా ఆ పుటలు నిలవడానికి కారణం వాటిలోని వెలుగు. ట్రీన్ల నగరంలో వెలుగు నేలనుండి పైకి వస్తుంది. ముఖాలకు నీడ కింద కాక పైన పడుతుంది. ఈ ఒక్క తలకిందులు వల్ల ఒక్క మాట అవసరం లేకుండా ఆ లోకం పరాయిదవుతుంది. ‘ఈ లోకం పరాయిది’ అన్న అర్థం వాచ్యం కాదు, ఛాయలో ధ్వనిస్తుంది. దీనిని గుర్తించినది యంత్రాల జాబితాలు రాసిన అభిమానులు కారు, రంగు పొరలు లెక్కపెట్టిన అభిమానులు.

పేరు లేని కర్త

చిత్రశాల రహస్యాల వెనుక మరొక బాధాకరమైన విషయం ఉంది. డాన్ డేర్ మీద హాంప్సన్‌కు ఎటువంటి హక్కూ లేదు. హక్కులన్నీ ప్రచురణకర్తవి. 1959లో పత్రిక ఓడమ్స్ సంస్థ చేతికి మారింది. మార్కస్ మారిస్ వెళ్లిపోయాడు. ఖరీదైన చిత్రశాల పద్ధతి రద్దయింది. హాంప్సన్ డాన్ డేర్‌ను వదిలి, అదే పత్రికలో క్రీస్తు జీవితాన్ని ‘ది రోడ్ ఆఫ్ కరేజ్’ పేరుతో (1960–61) గీసి తరువాత నిష్క్రమించాడు. ఆపైన లేడీబర్డ్ వారి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశాడు. ఒక సాంకేతిక కళాశాలలో చిన్న ఉద్యోగం చేశాడు. అతని నాయకుని బొమ్మతో తుపాకుల బొమ్మలు, ఆటవస్తువులు దేశమంతా అమ్ముడుపోయాయి. ఆ లాభంలో అతని వాటా లేదు. 1975లో ఇటలీలోని లూకా నగరంలో జరిగిన అంతర్జాతీయ కామిక్స్ సభ అతనిని మహాకళాకారునిగా గౌరవించింది. స్వదేశంలో అతడెవరో తెలిసినవారు అప్పటికి కొద్దిమందే. అతని జీవితచరిత్ర ‘ది మ్యాన్ హూ డ్రూ టుమారో’ 1985లో, అతడు మరణించిన సంవత్సరంలోనే వచ్చింది. రచయిత అలస్టేర్ క్రాంప్టన్ వృత్తిరీత్యా వ్యాపార ప్రకటనల రచయిత. ప్రవృత్తిరీత్యా ఈగిల్ అభిమాని.

తెలుగు పాఠకునికి ఈ సందర్భం అపరిచితం కాదు. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘చందమామ’లో వచ్చిన అద్భుత ధారావాహికలు రచయిత పేరు లేకుండానే అచ్చయ్యాయి. అవి దాసరి సుబ్రహ్మణ్యం రచనలన్న సంగతి సామాన్య పాఠకునికి చాలా ఆలస్యంగా తెలిసింది. పాత సంచికలు దాచుకున్న పాఠకుల పట్టుదల ఆ పేరును వెలికి తెచ్చి నిలపడంలో చేసిన సాయం చిన్నది కాదు. రెండు సందర్భాలలోనూ సాహిత్య చరిత్రకారుడు చేయవలసిన పనిని, కర్తృత్వ నిర్ణయాన్ని, అభిమాని చేశాడు. భేదం కూడా ఉంది. హాంప్సన్ సంతకం పుటమీద ఉండేది. అతనికి లోపించినది పేరు కాదు, స్వామ్యం. అభిమానుల కృషి పేరును నిలబెట్టగలిగింది కాని స్వామ్యాన్ని తిరిగి ఇప్పించలేదు. ఈ పరిమితిని అభిమాన సాహిత్యం ఒప్పుకున్నంత స్పష్టంగా మరెవరూ ఒప్పుకోలేదు.

కీత్ వాట్సన్ – భావకుడు చిత్రకారుడైన వైనం

1959లో డాన్ డేర్ ఫ్రాంక్ బెలామీ చేతికి వచ్చింది. బెలామీ సామాన్యుడు కాడు. పుటను గడుల వరుసగా కాక ఒకే విన్యాసంగా చూడగలిగిన మహాచిత్రకారుడు. నౌకలు, దుస్తులు నవీకరించమని ప్రచురణకర్తలు ఆదేశించారు. అతడు నవీకరించాడు. మొదట్లో ఒక పుట బెలామీ గీస్తే రెండవ పుట హాంప్సన్ పాత సహాయకులు గీసేవారు. పుట తిప్పితే లోకం మారిపోయేది. పాఠకులు ఇబ్బందిపడ్డారు. సతృణాభ్యవహారి అయితే దీనిని కూడా మింగేవాడు. ఈ పాఠకులు మింగలేదు. తమకు ప్రియమైన నాయకుడు, ప్రతిభావంతుడైన చిత్రకారుడు ఒకే పుటలో ఉన్నా, ‘ఇది డాన్ డేర్ కాదు’ అనగలిగారు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. మొలనూలును మెడలో వేస్తే నవ్వులపాలవుతారని అతడు చెప్పిన ఉపమానం ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. బెలామీ నగ మేలిమిదే; పెట్టిన చోటు మరొకరి మెడ.

1962లో ఆ బాధ్యత కీత్ వాట్సన్‌కు దక్కింది. అతని కథ ఈ వ్యాసవిషయానికి కేంద్రం. వాట్సన్ ఈగిల్ చదువుతూ పెరిగినవాడు. ఆ అభిమానంతోనే 1958లో హాంప్సన్ చిత్రశాలలో చేరినవాడు. డాన్ డేర్ అప్పటికి ముఖపత్రం కోల్పోయి, రంగులు కోల్పోయి, లోపలి పుటలలో నలుపు తెలుపుగా మిగిలాడు. వాట్సన్ మొదట చేసిన పని పాత నౌకలను, పాత దుస్తులను, పాత ముఖాలను తిరిగి తేవడం. కొద్దికాలానికి కథ మళ్లీ రంగులతో ముఖపత్రానికి చేరింది. 1967 ఆరంభంలో కొత్త కథలు ఆగిపోయేవరకు అతడే గీశాడు. రాజశేఖరుడు విడదీసి చెప్పిన భావయిత్రి, కారయిత్రి ఒకే వ్యక్తిలో వరుసగా ఉదయించిన సందర్భమిది. ఒకనికే కవిత్వం, భావకత్వం రెండూ అరుదుగా అబ్బుతాయన్న ప్రాచీనుల మాట వాట్సన్ విషయంలో కొంత సడలుతుంది.

సడలుతుందే కాని చెల్లకపోదు. వాట్సన్ గీసిన పుటల్లో పునరుద్ధరణ ఉంది, శ్రద్ధ ఉంది, నలుపు తెలుపులలో అద్భుతమైన పట్టు ఉంది. హాంప్సన్ పుటలలో ఉన్న ఒక గుణం మాత్రం లేదు. అది తెలియనితనం. శుక్రుడు ఎలా ఉంటాడో హాంప్సన్‌కు తెలియదు. ప్రతి వారం కనుక్కోవలసి వచ్చింది. వాట్సన్‌కు తెలుసు. అతడు హాంప్సన్ శుక్రుని చూసి గీశాడు. భావకుడు కవి అయినప్పుడు అతనికి లోకం కంటే ముందు కావ్యం కనిపిస్తుంది. ఇది దోషమని కొట్టివేయనవసరం లేదు, తెలుగు ప్రబంధ సంప్రదాయంలో సగం ఇటువంటిదే. అయినా ఈ భేదాన్ని చూడడానికి అభిమానులు ఇష్టపడలేదు. వాట్సన్ వారిలో ఒకడు కావడమే అందుకు కారణం.

అభిమానం దాటవేసినవి

రంగు పొరలు లెక్కపెట్టిన కన్ను కొన్నింటిని చూడలేదు. వాటిలో మొదటిది డిగ్బీ. ఆల్బర్ట్ ఫిట్జ్‌విలియం డిగ్బీ విగన్ పట్టణానికి చెందినవాడు. ఉత్తర ఇంగ్లండు శ్రామికవర్గపు పలుకు, పొట్ట, తిండియావ, తన అత్త అనస్తేషియా భయం – ఇవి అతని ఆస్తులు. నాయకుని నౌకకు ఆ అత్త పేరే పెట్టారు. అభిమానులకు అతడంటే ఎనలేని ప్రేమ. సంస్కృత నాటకాల విదూషకునితో అతనిని పోల్చవచ్చు. విదూషకుడు తిండిపోతు, భయస్థుడు, రాజుకు ఆంతరంగికుడు. అయితే విదూషకుడు బ్రాహ్మణుడు. రాజును ఎగతాళి చేయగల కులస్థాయి అతనికి ఉంది. డిగ్బీకి లేదు. అతడు ఎన్ని గ్రహాలలో ఎన్నిసార్లు యజమాని ప్రాణం కాపాడినా ఆర్డర్లీగానే ఉంటాడు. మానవజాతి సౌరకుటుంబమంతా తిరిగే కాలానికి కూడా దొర ‘దొర’గానే, నౌకరు నౌకరుగానే ఉండడం ఆ కథ ఊహాశక్తికి గల ఎల్లను చూపుతుంది. ప్రేమ ఆ ఎల్లను కప్పివేసింది.

రెండవది పీబాడీ. 1950లో బాలుర పత్రికలో ఒక స్త్రీని శాస్త్రవేత్తగా, నౌక నడపగల వ్యక్తిగా, ఆమెను వద్దన్న సర్ హ్యూబర్ట్‌కు దీటుగా నిలబెట్టడం సాహసమే. అభిమానులు దీనిని పదేపదే ప్రస్తావించడం న్యాయం. కాని తొలి యాత్రలో ఆమె ఆహారశాస్త్రమే ప్రయాణానికి ప్రయోజనం. తరువాతి కథలలో ఆహారం సమస్య కాకుండా పోయేసరికి ఆమె కూడా క్రమంగా వెనుక వరుసకు జరిగింది. ఒక పాత్ర స్వభావంతో కాక సందర్భంతో మాత్రమే నిలిచినప్పుడు ఇలాగే జరుగుతుంది. చిత్రశాలలోనూ ఇటువంటిదే ఒక పోలిక కనిపిస్తుంది. గ్రెటా టామ్లిన్సన్ చిత్రకారిణి. అభిమాన రచనలలో ఆమె ఎక్కువగా గుర్తుండేది పీబాడీకి నమూనాగా.

మూడవది సామ్రాజ్యం. భారతదేశం స్వతంత్రమైన మూడేళ్లలోపు ఈగిల్ పుట్టింది. డాన్ డేర్ లోకంలో ఐక్యరాజ్యసమితి ఉంది, ప్రపంచ ప్రభుత్వముంది, అన్ని దేశాల వారూ ఉన్నారు. అయినా దళాధిపతి ఆంగ్లేయుడు, నాయకుడు ఆంగ్లేయుడు, దళం దుస్తులు బ్రిటిష్ సైనిక దుస్తులను తలపించేవి. భూమిమీద చేజారుతున్న నాయకత్వం అంతరిక్షంలో అడగకుండానే చేతికి అందింది. ఓడిన ట్రీన్లలో సోండార్ మంచివాడుగా మారి మిత్రుడవుతాడు. అతని మంచితనానికి కొలత అతడు భూలోకవాసుల విలువలను ఎంతవరకు నేర్చుకున్నాడన్నదే. ఇదంతా చెప్పి ఆ కామిక్‌ను వలసవాద ప్రచారంగా తోసిపుచ్చడం మాత్రం తొందరపాటు. మెకాన్ పాలన చూడండి: జాతి శ్రేష్ఠత, విజ్ఞానం పేరిట క్రూరత్వం, వ్యక్తిని ప్రయోగవస్తువుగా చూడడం. అయిదేళ్ల కిందట ముగిసిన యుద్ధం అందులో ఉంది. అధికారాన్ని గురించిన భయమూ, అధికారంపై మోజూ ఒకే పుటలో ఉన్నాయి. అభిమానులు మొదటిదాన్ని చదివారు. వారిపై విరుచుకుపడిన విమర్శకులు రెండవదాన్నే చదివారు.

మత్సరి అనిపించుకున్న భావకుడు

1977 ఫిబ్రవరిలో ‘2000 ఏడీ’ పత్రిక మొదలైనప్పుడు డాన్ డేర్‌ను ఇటలీ చిత్రకారుడు మస్సిమో బెలార్డినెల్లి చేత, ఆ తరువాత డేవ్ గిబ్బన్స్ చేత గీయించారు. పాత పాఠకులకు పేరు తప్ప ఏమీ మిగలలేదనిపించింది. 1982లో పునరారంభమైన ఈగిల్‌లో నాయకుడు పాత డాన్ డేర్ మునిమనుమని కొడుకు. 1989లో ఆ పత్రికే అసలు డాన్ డేర్‌ను తిరిగి తెచ్చి కీత్ వాట్సన్ చేత గీయించింది. 2007–08లో గార్త్ ఎన్నిస్ రాయగా గారీ అర్స్‌కిన్ గీసిన డాన్ డేర్‌ను ప్రచురించినది వర్జిన్ కామిక్స్. ఆ సంస్థకు బెంగళూరులో చిత్రశాల ఉండేది. సామ్రాజ్యాంతపు నాయకుడు భారతదేశంలో సగం వేళ్లూనిన సంస్థ పుటలకెక్కడం చరిత్ర చేసిన చిన్న హాస్యం.

వీటన్నిటిలో అభిమానులకు మింగుడుపడనిది, విమర్శకు మాత్రం అత్యంత ఫలవంతమైనది 1990లో ‘రివాల్వర్’ పత్రికలో మొదలైన ‘డేర్’. గ్రాంట్ మారిసన్ రచన, రియన్ హ్యూస్ చిత్రణ. ఇందులో డాన్ డేర్ కుంటుతూ నడిచే వృద్ధుడు. మార్గరెట్ థాచర్‌ను తలపించే ప్రధానమంత్రి ఎన్నికలకు అతని ముఖాన్ని వాడుకుంటుంది. పీబాడీ చనిపోయింది. డిగ్బీ ఉత్తరాది నిరుద్యోగుల నడుమ ఉన్నాడు. దేశానికి ఆహారం పెడుతున్నామని చెప్పే ‘మన్నా’ వెనుక ఘోరముంది. దీనిని చదివిన అభిమానులలో చాలామంది తమ గుడిని అపవిత్రం చేశారనుకున్నారు. రాజశేఖరుని పరిభాషలో మారిసన్ వారికి మత్సరి.

కాని ఆ రచన నిర్మాణం చూస్తే వేరొక సంగతి తేలుతుంది. పై భాగంలో చెప్పిన మూడు లోపాలనూ, డిగ్బీ వర్గాన్ని, పీబాడీ మరుగును, సామ్రాజ్య భ్రాంతిని, ‘డేర్’ వరుసగా పట్టుకుంది. అన్నిటికంటె ముఖ్యంగా, తొలి కథకు ప్రాణమైన ఆకలిని తిరిగి కేంద్రానికి తెచ్చింది. 1950లో ఆహారం కోసం బయలుదేరిన శాస్త్రవేత్త, 1990లో ఆహారం పేరిట జరిగిన నేరానికి సాక్ష్యం వదిలి మరణిస్తుంది. ఈ వృత్తం పూర్తి కావడం హాంప్సన్ పుటలను కంఠస్థం చేసినవానికే తెలుస్తుంది. తెలియని పాఠకునికి అది మరొక నిరాశామయ కథ మాత్రమే. ఆ కఠిన విమర్శ ఎవరికి గుచ్చుకోవాలో వారు అభిమానులే. దానిని పూర్తిగా అర్థం చేసుకోగల అర్హత ఉన్నవారూ వారే. వారిలో కొందరు తరువాత దానిని తిరిగి చదివి మొదటి తీర్పును మార్చుకున్నారు. ఇది తత్త్వాభినివేశి లక్షణం.

2008లో లండన్‌లోని సైన్స్ మ్యూజియం, డాన్ డేర్‌ను యుద్ధానంతర బ్రిటన్ సాంకేతిక స్వప్నానికి ప్రతీకగా తీసుకుని ప్రదర్శన ఏర్పాటు చేసింది. సంస్థాగతమైన గుర్తింపు ఆ విధంగా లభించింది. ఆ ప్రదర్శన యంత్రాలను చూపింది. రంగు పొరల సంగతి అభిమానుల పత్రికలకే మిగిలింది.

ఆ పత్రికలలో ‘స్పేస్‌షిప్ అవే’ తొలి సంచికల ప్రధాన కథ ‘ది ఫీనిక్స్ మిషన్’. పత్రిక పుట్టడానికి చాలాముందే, ఒక అభిమాని కోరికపై కీత్ వాట్సన్ ఆ కథకు బొమ్మలు గీయడం ఆరంభించాడు. నౌకలు, దుస్తులు, ముఖాలు 1950ల నాటివే. 1994లో వాట్సన్ మరణించేనాటికి అది పూర్తికాలేదు. మిగిలిన పుటలను డాన్ హార్లీ గీశాడు. ఎప్సమ్ చిత్రశాలలో హాంప్సన్ చిత్తు బొమ్మలను తుది చిత్రాలుగా మార్చిన ఆ హార్లీయే. వాట్సన్ చేయి ఎక్కడ ఆగిందో, హార్లీ చేయి ఎక్కడ మొదలైందో పేరు చూడకుండా చెప్పగలిగిన పాఠకులు అప్పటికీ ఉన్నారు. ఆ అతుకును అందుకే ఎవరూ దాచవలసిన అవసరం రాలేదు.